పుత్తూరు కట్టు

హైదరాబాదులో మియాపూర్ వంటి కొత్త పేటలలో సైతం ‘పుత్తూరు కట్టు’ అన్న బోర్డులు కనిపిస్తాయి. పెద్ద ఆస్పత్రులు చేరువలోనే ఉన్నా, చేయి విరిగినవారు కొందరు ముందుగా ఆ బోర్డునే వెదుకుతారు. పుత్తూరు తిరుపతి నుండి చెన్నై పోయే దారిలో ఉన్న ఊరు. కట్టుకు పుట్టినిల్లు మాత్రం దాని చెంతనున్న రాచపాలెం అనే పల్లె. 1881లో కేశవరాజు అనే ఆయన దీనిని ఆరంభించినట్లు చెబుతారు. వేటలో చిక్కిన కుందేలును ఆకులలో చుట్టి తెచ్చాడనీ, ఇంటివద్ద విప్పి చూస్తే దాని విరిగిన కాళ్ళు అతుక్కొని ఉన్నాయనీ ఒక కథ.

కథను కథగానే తీసుకోవాలి. ఎముక ఒక పూటలో అతకదు. విరిగినచోట మొదట నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డలోకి కొత్త రక్తనాళాలు ప్రవేశిస్తాయి. రెండు మూడు వారాలలో మృదులాస్థి ఏర్పడి, విరిగిన కొనలను కలుపుతుంది. పిమ్మట సున్నపు లవణాలు చేరి అది గట్టిపడుతుంది. పెద్దవారిలో చేతి ఎముకకు ఇంచుమించు ఆరు వారాలు, తొడ ఎముకకు పన్నెండు వారాలో అంతకు మించియో పడుతుంది. పిల్లలలో ఇంకా త్వరగా జరుగుతుంది. ఈ పనినంతా శరీరమే చేసుకుంటుంది. ఆకు పసరు గాని, పారిస్ ప్లాస్టరు గాని ఎముకను అతికించవు. వైద్యుని పని రెండే: కొనలను సరిగా ఎదురెదురుగా చేర్చడం, అతికేవరకు కదలకుండా నిలపడం. పుత్తూరు పద్ధతిలో ఆకుల పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన పట్టించి, గుడ్డ చుట్టి, వెదురుబద్దలు పెట్టి కడతారు. తెల్లసొన ఆరి గట్టిపడుతుంది, బద్దలు కదలనివ్వవు. కొనలు తొలగని విరుపులలో ఈ కట్టు ఫలించడంలో వింత లేదు.

చిక్కంతా బిగువులో ఉంది. అదే 1881లో జర్మనీలోని హాలే నగరపు శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మాన్ ఒక వ్యాసం ప్రకటించాడు. ముంజేతికి బిగువైన కట్టు కట్టిన తరువాత కొందరి వ్రేళ్ళు పక్షిగోళ్ళవలె ముడుచుకొని ఎందుకు ఉండిపోతున్నవో అందులో వివరించాడు. దెబ్బ తగిలినచోట ఒకటి రెండు రోజులపాటు వాపు పెరుగుతుంది. కట్టు మాత్రం సాగదు. లోపల ఒత్తిడి హెచ్చి, కండరాలకు నెత్తురు అందదు. సుమారు ఆరు గంటలు అట్లే గడిస్తే కండరం చచ్చిపోయి, కుదించుకొని నారవలె మిగులుతుంది. ఎముక చక్కగా అతికినా చేయి పనికిరాదు. ఈ ప్రమాదం నాటుకట్టుకే పరిమితం కాదు. ప్లాస్టరు క్రిందనైనా రావచ్చు.

మన దేశంలో ఈ ఎరుక చాల పాతది. సుశ్రుతసంహితలో బద్దలకు మేడి, రావి, మోదుగ, మద్ది మొదలైన చెట్ల పట్టలూ, వెదురూ చెప్పబడ్డాయి. కట్టు వదులైతే కీలు నిలవదనీ, బిగువైతే వాపు, నొప్పి, చీము పుడతాయనీ అందులో ఉన్నది. చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణంలో ఐదు రోజులకు, వేసవిలో మూడు రోజులకు కట్టు విప్పి మార్చాలట. విప్పి చూడడమూ చికిత్సలో భాగమే అన్నమాట.

ఇంగ్లండులోనూ కట్టువారి వంశాలు ఉండేవి. పట్టభద్రులైన వైద్యులు వారిని ఈసడించేవారు. 1867లో సర్ జేమ్స్ పేజెట్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు మాత్రం, వారు నయం చేసిన రోగులను గూర్చి ప్రత్యేకంగా ప్రసంగించి, వారిలోని మంచిని నేర్చుకొని చెడుగును విడువమని తోటివారికి చెప్పాడు. లివర్‌పూల్‌లో ఇవాన్ టామస్ పట్టా లేని కట్టువాడు. వైద్యులు అతనిని పలుమార్లు కోర్టుకు ఈడ్చారు. అతడు విసిగి, తన ఐదుగురు కొడుకులనూ వైద్యవిద్యకే పంపాడు! వారిలో హ్యూ ఓవెన్ టామస్ (1834–1891) తండ్రి చేతి నేర్పుకు శాస్త్రజ్ఞానం జోడించాడు. తొడ ఎముకను కదలనీయకుండా నిలిపే ఇనుప చట్రం అతడు కల్పించినదే. మొదటి ప్రపంచయుద్ధంలో అతని మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దానిని ప్రచారం చేయగా, తొడ విరిగిన సైనికుల మరణాలు బాగా తగ్గాయి.

1895లో రాంట్‌గెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. అంతవరకు ఎవరి చేతికైనా తడిమి తెలుసుకోవడమే దారి. ఇప్పుడా అవసరం లేదు. ఎక్స్‌రే పటం చూడకుండా, మొదటి తాకుడులోనే విరుపు స్వభావం తేల్చి చెప్పే కట్టువానిని నమ్మరాదు. చర్మం చీలి ఎముక పైకి కనిపించినా, పిల్లల మోచేయి విరిగినా, ముసలివారి తుంటి విరిగినా కట్టువాని వద్దకు పోరాదు. తిన్నగా ఆస్పత్రికి చేరాలి. తక్కిన విరుపులకు ఎవరు కట్టు కట్టినా, వ్రేళ్ళ కొనలు బయటికి కనిపించేటట్లు కట్టమనాలి. మరునాడు మళ్ళీ చూపమని, వ్రేళ్ళు కదల్చమని చెప్పేవాడు పని తెలిసినవాడు. నొప్పి ఓర్చుకొమ్మని మాత్రమే చెప్పి పంపేవాని దగ్గర జాగ్రత్త అవసరం.

ఇంటికి వచ్చిన మొదటి రెండు రాత్రులు చేతిని ఎత్తుగా దిండుపై ఉంచి, వ్రేళ్ళను తరచు చూస్తుండాలి. గోరు నొక్కి విడిస్తే తెల్లబడిన రంగు రెండు సెకండ్లలో తిరిగి ఎర్రబడాలి. వ్రేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వాటిని మెల్లగా చాపినప్పుడు భరించరాని నొప్పి కలిగినా తెల్లవారేదాకా ఆగరాదు. గుడ్డ, దూది, బద్దలు అన్నిటినీ చర్మం కనిపించేవరకు కత్తిరించి, వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోవాలి. తొలగిన ఎముకను మళ్ళీ చేర్చవచ్చును.