స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టర్ ఫ్యాక్టరీ: హిట్లర్ కూల్చితే లేచింది, మరి ఇప్పుడేది?

స్టాలిన్‌గ్రాడ్ అనగానే మనందరికీ గుర్తొచ్చేది యుద్ధమే కదా. సినిమాల్లో చూసుంటారు, గేముల్లో ఆడుంటారు. కూలిన గోడలు, మంచు, స్నైపర్లు. ఆ గోడల్లో చాలావరకు ఫ్యాక్టరీలవి, అందులో ఒకటి ట్రాక్టర్ల ఫ్యాక్టరీ. ఈరోజు మన ఎపిసోడ్ దాని గురించే.

1920ల చివరి రష్యాకి వెళ్దాం. దేశం నిండా రైతులే, దున్నేది గుర్రాలతో. ఊళ్ళల్లో పొలాలన్నీ కలిపేసి పెద్ద పెద్ద సామూహిక క్షేత్రాలు చేయాలని స్టాలిన్ పట్టు పట్టాడు. అంత పెద్ద పొలాలు దున్నాలంటే ట్రాక్టర్లు కావాలి, అదీ వేలల్లో. వోల్గా నది ఒడ్డున 1926లోనే శంకుస్థాపన చేశారు కానీ పని ముందుకు సాగలేదు. పెట్టుబడిదారులంటే మండిపడే సోవియట్ ప్రభుత్వం అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళిందో తెలుసా? అమెరికాకి! అక్కడ డెట్రాయిట్‌లో ఆల్బర్ట్ కాన్ అని ఒక ఆర్కిటెక్ట్. హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలు డిజైన్ చేసింది ఆయనే. 1929 మే నెలలో ఆయనతో కాంట్రాక్ట్ కుదిరింది. బిల్డింగుల ఉక్కు చట్రం అమెరికాలోనే తయారై, ఓడల్లో వచ్చి, ఇక్కడ బోల్టులు బిగించుకుంది. చివరికి ట్రాక్టర్ మోడల్ కూడా వాళ్ళదే. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 15-30 ట్రాక్టర్‌ని చూసి చేసుకున్నారు. కిరోసిన్‌తో నడిచేది. రబ్బరు టైర్లు లేవు, పళ్ళున్న ఇనుప చక్రాలే. మన ఊళ్ళో ఇప్పుడు తిరిగే మామూలు ట్రాక్టర్ పక్కన పెడితే దాని బలం తక్కువే.

1930 జూన్ 17న మొదటి ట్రాక్టర్ బయటికొచ్చింది. స్టాలిన్ అభినందనల టెలిగ్రామ్ పంపాడు. మీరు ఏటా చేయబోయే 50 వేల ట్రాక్టర్లు పాత ప్రపంచాన్ని పేల్చేసే 50 వేల ఫిరంగి గుళ్ళు అన్నాడు. ట్రాక్టర్‌ని ఫిరంగి గుండుతో పోల్చాడు చూడండి, ఆ మాట గుర్తుపెట్టుకోండి.

సీన్ కట్ చేస్తే, సెప్టెంబర్ ఆఖరికి తయారైనవి ఎన్ని? 43. వేలు కాదండీ, అక్షరాలా నలభై మూడు! మెషీన్లన్నీ కొత్తవి, ఖరీదైనవి. వాటి ముందు నిలబడ్డవాళ్ళు మాత్రం నిన్నటిదాకా పొలంలో ఉన్న కుర్రాళ్ళు. అసెంబ్లీ లైన్ అంటే ఏంటో చూసి ఎరగరు. నేర్పడానికి వందల మంది అమెరికన్లు వచ్చారు. వాళ్ళలో రాబర్ట్ రాబిన్సన్ కథ చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఫోర్డ్‌లో టూల్‌మేకర్, ఆ అమెరికన్ల గుంపులో ఒకే ఒక్క నల్లజాతి మనిషి. వచ్చిన కొద్ది రోజులకే ఇద్దరు తెల్ల అమెరికన్లు నది ఒడ్డున ఆయన మీద చెయ్యి చేసుకున్నారు. సోవియట్ ప్రభుత్వం వాళ్ళమీద విచారణ పెట్టి దేశం నుంచి పంపించేసింది, పేపర్లన్నీ అదే వార్త. రాబిన్సన్ హీరో అయిపోయాడు. తర్వాత సోవియట్ పౌరసత్వం తీసుకున్నాడు, ఇక ఆ దేశం ఆయన్ని వదల్లేదు. బయటపడింది 1974లో!

సరే, ఫ్యాక్టరీ మెల్లగా గాడిలో పడింది. 1932 ఏప్రిల్‌కి రోజుకి 144 ట్రాక్టర్లు. 1937లో ఇనుప చక్రాల మోడల్ ఆపేసి, ప్రొక్లెయిన్‌లాగా చైన్ మీద నడిచే ట్రాక్టర్‌కి మారింది.

మరి ఈ మెషీన్లు, ఇంజనీర్లు, వీటన్నిటికీ డాలర్లు ఎక్కడివి? పెద్ద భాగం రైతు ధాన్యంలోంచే. 1930, 31లో ఏటా 40 లక్షల టన్నులకు పైగా ధాన్యం విదేశాలకి అమ్మారు. అదే టైమ్‌లో బలవంతంగా పొలాలు కలిపేస్తుంటే రైతులు పశువుల్ని కోసుకు తిన్నారు, మిగిలినవి మేత లేక చచ్చాయి. దేశంలో గుర్రాల సంఖ్య కొన్నేళ్ళలో సగానికి పడిపోయింది. పోయిన గుర్రాలకి సరిపడా ట్రాక్టర్లు రాలేదు. 1932-33లో కరువు. ఉక్రెయిన్‌లో, కజకస్తాన్‌లో, ఇదే వోల్గా ప్రాంతంలో కూడా లక్షల మంది ఆకలితో చనిపోయారు. వచ్చిన ట్రాక్టరైనా రైతుదా అంటే, కాదు. ప్రభుత్వ ట్రాక్టర్ స్టేషన్లు ఉండేవి. వాళ్ళొచ్చి దున్నాలి, కూలి కింద ధాన్యం ఇవ్వాలి. 1958 దాకా ఇదే పద్ధతి. పోస్టర్ల మీద ట్రాక్టర్ ఎక్కి నవ్వే అమ్మాయి బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆ ఫిరంగి గుండు మాట దగ్గరికి వద్దాం. చైన్ ట్రాక్టర్ చేసే చోట ట్యాంకు చేయడం పెద్ద దూరం కాదు. జర్మన్లు దాడి చేయకముందే ఇక్కడ టీ-34 ట్యాంకులు మొదలుపెట్టారు. 1941 చివర్లో జర్మన్లు ఖార్కివ్ పట్టుకున్నారు. అక్కడి ట్యాంకు ఫ్యాక్టరీని ముందే తూర్పుకి తరలించేశారు. అది మళ్ళీ నిలదొక్కుకునేదాకా స్టాలిన్‌గ్రాడ్ మీదే భారం పడింది. మొత్తం మూడు వేలకు పైగా ట్యాంకులు ఈ గేట్లోంచి వెళ్ళాయి.

1942 ఆగస్టు 23, ఆదివారం. ఊరి మీద విమానాలు బాంబులు కురిపిస్తున్నాయి. అదే రోజు జర్మన్ ట్యాంకులు ఊరికి ఉత్తరాన వోల్గా దాకా వచ్చేశాయి. ఫ్యాక్టరీ అక్కడికి కొద్ది కిలోమీటర్లే. కార్మికులు తుపాకులు పట్టారు. లైన్ మీదున్న ట్యాంకులకి రంగు కూడా వేయకుండా, చేసినవాళ్ళే ఎక్కి నడుపుకుంటూ వెళ్ళారు. అక్టోబర్ 14న అసలు దాడి జరిగింది. ఒక్కో షెడ్డు కోసం, ఒక్కో మెట్టు కోసం కొట్టుకుని చివరికి జర్మన్లు ఫ్యాక్టరీని పట్టుకున్నారు. కానీ నెలన్నర తిరిగేలోపే వాళ్ళే చుట్టుముట్టబడ్డారు. 1943 ఫిబ్రవరి 2న చివరి జర్మన్ దళాలు లొంగిపోయింది ఈ ఫ్యాక్టరీల ప్రాంతంలోనే.

మిగిలిందల్లా వంకరపోయిన ఇనుము. అయినా అదే ఏడాది శిథిలాల మధ్య ట్యాంకుల రిపేర్లు మొదలయ్యాయి. 1944కల్లా మళ్ళీ ట్రాక్టర్! 1949లో డీటీ-54, 1963లో డీటీ-75 వచ్చాయి. ఈ డీటీ-75 సోవియట్ పొలాల్లో దశాబ్దాల పాటు ఎక్కడ చూసినా కనిపించేది. మధ్యలో 1961లో ఊరి పేరు వోల్గోగ్రాడ్ అయింది, ఫ్యాక్టరీ పేరూ మారింది. పారాచూట్ దళాల కోసం యుద్ధ వాహనాలు కూడా ఇక్కడే చేశారు, అంటే యుద్ధం సరుకు మాత్రం గేటు దాటి బయటికి పోలేదు.

1991లో సోవియట్ యూనియన్ పోయింది. ట్రాక్టర్లు కొనేది ఎవరు? సామూహిక క్షేత్రాలే. వాటి దగ్గర డీజిల్‌కే డబ్బుల్లేవు, కొత్త ట్రాక్టర్ ఎక్కడ కొంటాయి? అరవై ఏళ్ళు ప్లాన్ ప్రకారం చేసిన ఫ్యాక్టరీకి సరుకు అమ్ముకోవాల్సిన అవసరం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. జీతాలు, ఆర్డర్లు, అప్పులు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. 2005లో దివాలా. బాంబులు తట్టుకుని మళ్ళీ కట్టుకున్న షెడ్లని ఈసారి సొంతవాళ్ళే బుల్‌డోజర్లతో పడగొట్టారు. ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఫ్యాక్టరీ ముందు చౌరస్తాలో దిమ్మె మీద ఒక టీ-34 ట్యాంకు మాత్రం ఇంకా ఉంది, 1943 నుంచి అక్కడే.