సామాన్యులకు సీపీఆర్ శిక్షణ

గుండె ఆగిన మనిషి ఛాతీని పైనుంచి నొక్కుతూ రక్తాన్ని ప్రసరింపజేయవచ్చని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌ బృందం ప్రకటించింది. కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ రాసిన ఆ పత్రంలో ఇది ఎవరైనా, ఎక్కడైనా చేయగల పనేనన్న సంగతి స్పష్టంగా ఉంది. పైగా కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. అయినా 1966 నాటి అమెరికా జాతీయ సమావేశం సీపీఆర్ అనే ఈ పద్ధతిలో శిక్షణను వైద్య, సహాయక సిబ్బందికే సిఫార్సు చేసింది. జనానికీ నేర్పాలన్న మాట 1973 సమావేశంలో గానీ రాలేదు. సియాటిల్ నగరం అంతదాకా ఆగలేదు. డాక్టర్ లెనర్డ్ కాబ్, అగ్నిమాపక శాఖాధిపతి గోర్డన్ వికరీ 1972లోనే ‘మెడిక్ టూ’ పేరిట పౌరులకు నేర్పడం మొదలుపెట్టారు. వాళ్ల తొందరకు కారణముంది. గుండె లయ తప్పి కుప్పకూలిన మనిషికి సీపీఆర్ గానీ షాక్ గానీ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి సుమారు 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు లాంటి మంచి సేవ కూడా ఆ తొలి నిమిషాలను అందుకోవడం కష్టం. అప్పటికి పక్కన ఉండేది ఇంటివాళ్లో, దారిన పోయేవాళ్లో.

సామాన్యులకు నేర్పితే ఫలితం ఉంటుందనడానికి గట్టి ఆధారం డెన్మార్క్‌లో దొరుకుతుంది. అక్కడ 2005లో బడుల్లో, 2006లో డ్రైవింగ్ లైసెన్సుకు ఈ శిక్షణ తప్పనిసరి చేశారు. ఆస్పత్రి బయట గుండె ఆగినవారిలో, చుట్టుపక్కలవారి చేత సీపీఆర్ పొందినవారు 2001లో 21.1 శాతం, 2010 నాటికి 44.9 శాతం. నెల రోజులు దాటి బతికినవారు 3.5 నుంచి 10.8 శాతానికి పెరిగారు. అంబులెన్సు సేవలు, ఆస్పత్రి వైద్యం కూడా ఆ కాలంలో మెరుగయ్యాయి కాబట్టి ఘనతంతా శిక్షణకే కట్టబెట్టడం సరికాదు. కానీ రోగి ఆస్పత్రికి ప్రాణంతో చేరితేనే కదా ఆ వైద్యం పనికొచ్చేది!

తెలియనివాడు చెయ్యి వేస్తే పక్కటెముకలు విరుగుతాయన్నది పాత అభ్యంతరం. నిజమే, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కితే తెలిసినవాడి చేతిలోనూ విరగవచ్చు. ఎముక అతుక్కుంటుంది; ఆగిన గుండెను అలా వదిలేస్తే మనిషే దక్కడు. కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం మన దగ్గర ఎక్కువ. రోడ్డు ప్రమాదాల వరకు దానికి 2016 నాటి సుప్రీంకోర్టు తీర్పు, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఏ సెక్షన్ రక్షణ కల్పించాయి. ఇక నేర్చుకున్నది కొన్ని నెలల్లోనే మరిచిపోతారన్న అభ్యంతరం బలమైనది. అందుకే మళ్లీ మళ్లీ నేర్పాలి, ఫోన్‌లోనూ సూచనలివ్వాలి. ఊపిరి ఊదకుండా ఛాతీ మాత్రమే నొక్కమని ఫోన్‌లో చెప్పినా పెద్దవాళ్ల విషయంలో ఫలితం తగ్గలేదని 2010లో వెలువడిన పరీక్షలు తేల్చాయి. నీట మునిగినవారికి, పసిపిల్లలకు మాత్రం ఊపిరి అందించడం ఇప్పటికీ అవసరమే.