ఘోటుల్: బస్తర్ యువతకు సంగీతం నేర్పిన ఇల్లు

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ ప్రాంతంలో మురియా గోండుల అవివాహిత యువతీయువకులు రాత్రివేళ కూడే సామూహిక గృహాన్ని ఘోటుల్ అంటారు. ప్రధానంగా నారాయణ్‌పుర్, కొండగావ్ పరిసర గ్రామాలలో వర్ధిల్లిన ఈ వ్యవస్థ పనిపాటలతో పాటు ఆటను, పాటను, వాద్యాన్ని కూడా నేర్పింది. మురియాలలో అనేకులు మాట్లాడే గోండి, తెలుగుతో పాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందిన భాష.

సంగీతం అభ్యసించే పిల్లలను ఒకచోట నివసింపజేసి నేర్పడం పాశ్చాత్య దేశాలలోనూ ఉంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1928లో మొదలైన ఇంటర్‌లాకెన్ వేసవి శిబిరం ఇందుకు పేరొందినది. పలు దేశాల నుంచి వచ్చే పియానో, వయొలిన్ విద్యార్థులు అక్కడ కొన్ని వారాలు ఉండి, గురువుల వద్ద పాఠం నేర్చుకొని, తోటివారితో కలిసి వాయిస్తారు. అటువంటి సహవాస విద్యను మురియా సమాజం తన ఊళ్లోనే, ఇంటికి నాలుగడుగుల దూరంలోనే సాగించింది. అందుకు రుసుము లేదు, ప్రవేశ పరీక్ష లేదు.

నేర్చుకొనే పద్ధతి

ఘోటుల్ యువకులను చెలిక్‌లు, యువతులను మోతియారీలు అంటారు. చేరినవారికి అక్కడ కొత్త పేరు పెట్టడం ఆనవాయితీ. పెద్దవారు వాయిస్తుండగా చిన్నవారు చూసి, విని, పక్కన నిలిచి అనుకరిస్తూ నేర్చుకొంటారు. స్వరాలను రాసిపెట్టుకొనే అలవాటు లేదు. వరుస జ్ఞాపకంలో, దరువు చేతిలో నిలవాలి. ఒక్కరి నైపుణ్యం కంటే బృందంలో అడుగు తప్పకపోవడమే ముఖ్యం.

ఈ వ్యవస్థకు మూలపురుషుడు లింగో అని, ఆయన పద్దెనిమిది వాద్యాలను ఒకేసారి వాయించేవాడని మురియాల గాథలు చెబుతాయి. తొలి గురువును వాద్యకారుడిగా భావించడం ఆ సమాజంలో సంగీతానికున్న స్థానాన్ని తెలుపుతుంది. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఈ జీవన విధానాన్ని పరిశీలించి 1947లో విస్తృత గ్రంథం ప్రచురించారు.

వాద్యాలు

మురియా నృత్యాలకు మాందరి డోలు ఆధారం. సులుర్ అనే వెదురు వేణువును నోటితో ఊదరు. చేత పట్టి గాలిలో తిప్పితే మోగుతుంది. అడవి దారిలో నడిచేవారు జంతువులను దూరంగా ఉంచడానికీ దానిని ఉపయోగిస్తారు. ఘోటుల్‌కు వెలుపల, హల్బీ భాషలో జగార్ గాథలు గానం చేసే గురుమాయిలనే స్త్రీలు ధన్‌కుల్ వాయిస్తారు. కుండ మూతిపై చేటను, దానిపై వింటిని ఆనించి, గాట్లున్న వింటికర్రను పుల్లతో గీకుతూ దాని నాదం పుట్టిస్తారు.

క్షీణత, పరిరక్షణ

పిల్లలు చదువు కోసం దూరపు వసతి గృహాలకు తరలడం, 2005 తరువాత తీవ్రమైన సాయుధ సంఘర్షణలో బస్తర్‌లోని అనేక గ్రామాలు చెదిరిపోవడం ఈ పరంపరను దెబ్బతీశాయి. ఘోటుల్‌ను కేవలం స్త్రీపురుష సంబంధాల కోణంలో చిత్రించిన బయటివారి రాతలు కూడా యువతలో సంకోచం పెంచాయి.

పరిరక్షణకు కృషి చేసినవారిలో ఇద్దరిని కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. వివిధ గిరిజన తెగల కళాకారులను బస్తర్ బ్యాండ్ పేరుతో ఒకే వేదికపైకి తెచ్చిన అనూప్ రంజన్ పాండేకు 2019లో, సులుర్ తయారీలోనూ కొయ్య చెక్కడంలోనూ నిపుణుడైన నారాయణ్‌పుర్ జిల్లా మురియా కళాకారుడు పండీరామ్ మండావికి 2025లో ఆ పురస్కారం ప్రకటించారు.

వాద్యాన్ని ప్రదర్శనశాలలో భద్రపరచవచ్చు. వాయించే తీరు మాత్రం పెద్దల పక్కన పిల్లలు కూర్చున్నప్పుడే చేతులు మారుతుంది. చదువుకు దూరమైన పిల్లలకు ఊళ్లో బడి ఎంత అవసరమో, బడికి వెళ్లిన పిల్లలకు తమ డోలు నేర్చుకొనే వేళ కూడా అంతే అవసరం. సెలవులకు ఊరు చేరే విద్యార్థులకు ఆ వేళ దొరకడంపైనే బస్తర్ వాద్య పరంపర మనుగడ ఆధారపడి ఉంది.