గుండ్లకమ్మ యొడ్డున



కోతలు ముగిసి గాదెలు నిండినప్పుడు ప్రభువే నాకు ముందు అని పలుకుట సులభము. కడుపు మాడుచున్నప్పుడు ఆ మాట నిలుచునా? మన తెలుగు సంఘముల పూర్వికులలో అనేకులు ఆ పరీక్షకు నిలిచిరి. వారిని ఒకసారి జ్ఞాపకము చేసికొందము.

అమెరికా బాప్తిస్టు మిషనరీయైన జాన్ ఎవరెట్ క్లఫ్ దొరగారు 1866లో ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన అక్కడ సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు 8 మంది మాత్రమే. తరువాత సువార్తను అంగీకరించినవారిలో అధికులు, అంటరానివారని లోకము త్రోసివేసిన మాదిగ సోదరులు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు అని వారికి బోధింపబడెను. వినుటకు చిన్న నియమములే. కాని ఆసాముల దయపై బ్రదుకువారికి అవి నోటికాడి కూటికి ఎసరు పెట్టునవి.

1876 మొదలు 1878 వరకు ధాత కరవు దేశమును పీడించెను. క్లఫ్ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించిరి. బోధకులు పని చూచుకొనుచు, విశ్రాంతివేళ సువార్త చెప్పిరి. వినినవారు అనేకులు బాప్తిస్మము కోరిరి. దొరగారు ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చుచున్నారో, ప్రభువు కొరకు వచ్చుచున్నారో తెలియవలెను గదా! ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట క్రైస్తవ ధర్మము. ఆ అన్నమునే ఎరగా చూపుట ధర్మము కాదు. సుమారు 15 నెలలు బాప్తిస్మములు నిలిపివేసిరి.

కరవు తగ్గెను. సహాయమును ముగిసెను. అప్పుడు ఒంగోలుకు సుమారు 10 మైళ్ళ దూరమున, గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లికి ప్రజలు గుంపులుగా వచ్చిరి. ఇక ఇచ్చుటకు డబ్బు లేదని దొరగారు తేటగా చెప్పిరి. వారు తిరిగిపోలేదు. తాము డబ్బు కొరకు రాలేదనియు, మరల పంట పోయి చావవలసివచ్చినను క్రైస్తవులుగానే చత్తుమనియు బదులు చెప్పిరి. 1878 జూలై 3వ తేదీన, ఒక్క దినముననే, 2,222 మంది ఆ యేటిలో బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులుగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి.

ఆ సంఖ్యను మనము సంతోషముతో చెప్పుకొందుము. నాకు మాత్రము సంఖ్యకంటె ఆ 15 నెలలే గొప్పవిగా తోచును. ఏమియు దొరకదని తెలిసిన తరువాత వచ్చినవారు వారు!

మరి మన సంగతి యేమి? పొలము, పిల్లల చదువు, పెండ్లి ఖర్చు ఇవి పాపములు కావు. మన అక్కరలు తండ్రి యెరుగును. అయితే అందరికి వడ్డించిన పిమ్మట కుండ అడుగున మిగిలిన మెతుకులను దేవునికి పెట్టుచున్నామా? ఈ ప్రశ్న మొదట నన్నే గ్రుచ్చుచున్నది. సంఘపు లెక్కలు, తగవులు చూచి అలసి, మిగిలిన ఘడియను ప్రార్థనకిచ్చిన దినములు నా కాపరి జీవితములో కలవు.

సోదర సోదరీలారా, ఈ రాత్రి దీపమార్పకముందు మిమ్మును మీరే అడుగుకొనుడి: ప్రభువువలన రేపు నాకు ఏ లాభమును కనబడకపోయినను, నేను ఆయన వెంట నడతునా? గుండ్లకమ్మలో దిగినవారు తమ జవాబు చెప్పిరి. మన జవాబు కొరకు ప్రభువు కనిపెట్టుచున్నాడు. నిండు హృదయముతో దానిని చెప్పుటకు ఆయనయే మనకు కృప దయచేయును గాక. ఆమేన్.