రంగూను నుండి విశాఖపట్నము దాకా

చరిత్ర అనగానే మనకు రాజులు, జమీందారులు, కోటలు జ్ఞాపకము వస్తాయి. విజయనగరము కోటకు 1713లో పునాది పడిందని బడిపిల్లవాడు కూడా చెప్పగలడు. కాని తన తాత ఏ ఏట ఊరు విడిచాడు, ఏ పనికి వెళ్ళాడు అని అడిగితే ఆ పిల్లవాడే కాదు, వాని తండ్రి కూడా తడుముకొంటాడు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో విశాఖపట్నములో బంధువు లేని ఇల్లు అరుదు. మన సంఘములలోనూ అంతే. ఆ పట్టణములో కాపురముంటూ, మన ప్రాంతమునుండి వచ్చినవారి మధ్యనే పరిచర్య చేస్తున్నాను గనుక, ఈ శతవార్షిక సంచికలో వారి నిత్యజీవితమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట నా బాధ్యత అనుకొన్నాను.

మనవారికి మొదటి మహానగరము విశాఖపట్నము కాదు, రంగూను. బ్రిటిషువారి కాలములో కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము రేవులలో పొగ ఓడ ఎక్కి వేలమంది బర్మా వెళ్ళారు. అక్కడ బియ్యపు మిల్లులలోనూ, రేవులో మూటలు మోసే పనిలోనూ తెలుగువారు విస్తారముగా ఉండేవారు. బర్మీయులు వారిని కోరంగీలు అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద వచ్చిన పిలుపు అది. 1931 జనాభా లెక్కల ప్రకారము రంగూను నగరవాసులలో సగానికి పైగా భారతీయులే. అయినా ఆ నగరము వారిది కాలేదు. 1930 మే నెలలో రేవు పని విషయమై చెలరేగిన అల్లర్లలో ఎందరో తెలుగు కూలీలు ప్రాణములు పోగొట్టుకొన్నారు. 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుపై బాంబులు వేయగా, ఓడ దొరకనివారు అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగివచ్చారు. 1964లో అక్కడి ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేసిన తరువాత మరెందరో వచ్చారు. విశాఖపట్నములో కంచరపాలెము దగ్గరి బర్మా క్యాంపు పేరు ఆ కథకు నేటికీ గుర్తుగా ఉంది.

ఇక విశాఖపట్నము సంగతి. 1901 జనాభా లెక్కలలో విశాఖపట్నములో 40,892 మంది, విజయనగరములో 37,270 మంది ఉన్నారు. అంటే ఆనాడు రెండూ ఇంచుమించు సమానమైన ఊళ్ళే. 2011 నాటికి విజయనగరము 2 లక్షల పైచిలుకు దగ్గర ఉండగా, చుట్టుప్రక్కల ఊళ్ళను కలుపుకొన్న విశాఖపట్నము 17 లక్షలు దాటింది. ఈ తేడాకు మొదటి కారణము రేవు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ క్రొత్త రేవులోనికి వచ్చింది. 1941లో సింధియా కంపెనీవారి ఓడల కర్మాగారమునకు పునాది పడింది. అక్కడ తయారైన జల ఉష 1948 మార్చి 14న నెహ్రూగారి చేతులమీదుగా నీటిలో దిగింది. 1957లో కాల్టెక్స్ వారి నూనెశుద్ధి కర్మాగారము, 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారము వచ్చాయి. ఉక్కు కర్మాగారము ఊరకనే రాలేదు. 1966లో దానికొరకు జరిగిన ఉద్యమములో పోలీసు కాల్పులకు రాష్ట్రమంతటా 32 మంది బలియైనారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. అరవైకి పైగా గ్రామములవారు తమ భూములు వదులుకొన్నారు.

ఇవన్నీ పుస్తకములలో దొరికే సంగతులే. దొరకనిది, ఆ మట్టి త్రవ్విన, ఆ ఇనుము మోసిన మనుష్యుల బ్రదుకు. ముందుగా ఒక మగవాడు వచ్చేవాడు. రేవులో కళాసీగానో, మేస్త్రీ దగ్గర కూలీగానో కుదిరేవాడు. బావో, చిన్నాన్నో అద్దెకున్న గదిలో ఒక మూల అతని ట్రంకుపెట్టెకు చోటు దొరికేది. ఏడాదికో రెండేళ్ళకో భార్య వచ్చేది. ఆమె వెంట ఊరినుండి చోడిపిండి, ఉప్పుచేపలు, చింతపండు మూట వచ్చేవి. మల్కాపురము, కంచరపాలెము, గాజువాక ఇలాగే నిండాయి. ఒకే ఊరివారు ఒకే వీధిలో చేరి, పెండ్లికీ చావుకీ ఒకరికొకరు నిలిచారు. కుళాయి దగ్గర వంతు కోసము తగవులాడుకొన్న ఆడవారే, ఒకరు పురిటికి పడితే తెల్లవార్లూ కాచుకొన్నారు. పట్టణము వారికి కూలి ఇచ్చింది, ఆసరా మాత్రము వారే ఒకరికొకరు ఇచ్చుకొన్నారు.

పట్టణమునకు ఆపద వచ్చినప్పుడెల్లా ఊరే ఆదుకొన్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్నముపై బాంబులు వేసినప్పుడు, జనము పిల్లాపాపలతో పల్లెలకు తరలిపోయారు. 2020 మార్చిలో కరోనా మూలముగా పనులన్నీ నిలిచిపోయినప్పుడు కూడా అంతే. బస్సులు, రైళ్ళు లేకపోయినా ఊరి దారి పట్టినవారిని మనము కన్నులారా చూశాము. పట్టణము తలుపు వేసినప్పుడు తెరచి ఉండే తలుపు ఒకటున్నదనే ధైర్యముతోనే మూడు తరములు ఇక్కడ బ్రదికాయి.

ఆ తలుపు ఇప్పుడు సన్నగా మూసుకొంటున్నది. నా దగ్గరకు పెండ్లి ప్రకటన వ్రాయించుకొనుటకు వచ్చే యౌవనులను స్వగ్రామము ఏది అని అడిగితే, కొందరు ఫోను తీసి తండ్రిని అడిగి చెబుతున్నారు. తాతగారి ఎకరము నలుగురికి పంచబడి, ఒక్కొక్క వంతే అమ్ముడుపోయింది. పండుగకు వెళ్ళడానికి అవ్వ లేదు. ఊరు పోయిందని వీరికి తెలుసు, పట్టణము తమదని మాత్రము ఇంకా అనిపించలేదు. రంగూనులో మన పూర్వులకు జరిగినది ఇక్కడ వీరికి జరుగరాదు.

నేటికీ మన జిల్లాలనుండి క్రొత్తవారు వస్తూనే ఉన్నారు. అపార్టుమెంట్ల క్రింద, కారుల ప్రక్కన ఒక్క గదిలో కాపురముండే వాచ్‌మన్ కుటుంబములను పలుకరించండి. పాలకొండ, టెక్కలి, బొబ్బిలి, చీపురుపల్లి పేర్లే వినిపిస్తాయి. భర్త గేటు కాస్తాడు, భార్య నాలుగిండ్లలో అంట్లు తోముతుంది, పిల్లలు మెట్లమీద కూర్చుండి చదువుకొంటారు. ఏళ్ళు గడిచినా పై అంతస్తులవారు కొందరికి వారి పేరు తెలియదు. వాచ్‌మన్ అనే పిలుపే పేరైపోయింది.

మరొక మాట చెప్పక తప్పదు. ఆ పిల్లలు బడిలో తమ యాసను దాచుకొంటున్నారు. సినిమాలలో మన మాట నవ్వులకే పనికివచ్చింది. అయితే శిష్టజనుల గ్రంథభాషనుండి తెలుగును వాడుకలోనికి తెచ్చినవారు ఎక్కడివారు? గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీముఖలింగము దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కము 1892లో మొదట ఆడినది విజయనగరములోనే. నేడు పత్రికలు వ్రాసే తెలుగుకు త్రోవ వేసిన ప్రాంతపు బిడ్డ తన మాటకు తాను సిగ్గుపడడము ఎంత విచారకరము!

కాబట్టి నా మనవి ఒక్కటే. ప్రతి సంఘములోనూ ఒక పుస్తకము పెట్టండి. డెబ్బది ఏండ్లు దాటినవారి ప్రక్కన కూర్చుండి, ఏ ఊరినుండి వచ్చారు, ఏ రైలు ఎక్కారు, మొదటి రాత్రి ఎవరింట పడుకొన్నారు, మొదటి కూలి ఎంత అని అడిగి, వారి మాటలలోనే వ్రాసుకోండి. బాప్తిస్మపు పుస్తకములో పేర్లు మాత్రమే ఉన్నాయి. ఆ పేర్ల వెనుక నడచిన దూరము లేదు. ఆ పెద్దలు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి. ఈ పట్టణమును తన తాత కట్టాడని ఎరిగిన పిల్లవాడు అందులో తలయెత్తుకొని నడుస్తాడు. నిన్న వచ్చిన వాచ్‌మన్ బిడ్డను తన వీధివాడిగా పిలుస్తాడు కూడా.