పసుపు దీపం పుట్టుక

చెక్ ఇంజిన్ లైట్ మూలం వెతుక్కుంటూ పోతే నేను 1943 జులైలో, లాస్ ఏంజెలెస్‌లో తేలాను. ఊరి మీద దిగిన పొగకి జనం కళ్ళు మండిపోయాయి. యుద్ధకాలం కదా, జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారనుకున్నారట. తర్వాత నెపం కృత్రిమ రబ్బరుకి ముడిసరుకు చేసే ఫ్యాక్టరీ మీద పడింది. దాన్ని ఆపినా పొగ పోలేదు.

కాల్‌టెక్‌లో అనాసపండు రుచి మీద పనిచేసిన (నిజంగానే!) డచ్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో గుట్టు విప్పాడు: కార్ల పొగా, రిఫైనరీల ఆవిర్లూ ఎండకి ఓజోన్‌గా మారుతున్నాయి. చమురు కంపెనీలు ఒక పట్టాన ఒప్పుకోలేదు.

1975 మోడళ్ళతో అమెరికన్ కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. చిక్కేంటంటే, అది చచ్చిపోయినా బండి మామూలుగానే పరిగెడుతుంది. ఓనరుకెలా తెలుస్తుంది? కాలిఫోర్నియా 1988 మోడళ్ళ నుంచి లోపాలు కారే చెప్పాలంది. కన్వర్టర్ మీద నిఘాతో సహా అసలు పద్ధతి 1996కి అమెరికా అంతటా వచ్చింది. ఒకే ప్లగ్గు, ఒకే కోడ్ భాష.

మొన్న నా బండిలో వెలిగినప్పుడు స్కానర్ చూపించిన ‘పి 0420’ ఆ భాషలోదే. కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదని అర్థం. దాని ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. వెనకది కూడా ముందుదానిలాగే ఊగిసలాడితే అనుమానం.

“బండి బానే ఉంది కద సార్, కోడ్ కొట్టేద్దాం” అన్నాడు మెకానిక్.

లైట్ పోతుంది, పొగ పోదు. ముందు లీకులు చూడమన్నాను. వెనక సెన్సర్‌కి కాస్త ముందు, గాస్కెట్ దగ్గర దొరికింది. కన్వర్టర్ కొనక్కర్లేకపోయింది.