అలారం నంబర్ 1 ఎక్కడి నుంచి వచ్చింది? సీఎన్‌సీ స్క్రీన్ మీద దాగిన చరిత్ర

మెదక్ చరిత్ర అనగానే మనకు గుట్ట మీద కోట, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన చర్చి గుర్తొస్తాయి. ఇవాళ నేను చెప్పబోయేది ఇంకో చరిత్ర. మన ఊరి నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ పోయే బస్సు ఎక్కి, జీడిమెట్ల దగ్గరో బాలానగర్ దగ్గరో దిగే పిల్లల్లో చాలామంది సీఎన్‌సీ మెషిన్ల మీద పనిచేస్తారు. మాది మెదకే కాబట్టి వాళ్లలో కొందరు నాకు బాగా తెలుసు. వాళ్లను రోజూ భయపెట్టేది ఒకటుంది. స్క్రీన్ మీద ఎర్రగా మెరిసే అలారం నంబర్. ఆ నంబర్లకూ ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే సగం భయం పోతుంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించే కంట్రోల్ జపాన్ కంపెనీ ఫానక్‌ది. దాని అలారం లిస్టు మొదట్లోనే ఉండే నంబర్ 001. పేరు టీహెచ్ ప్యారిటీ అలారం. దాని తర్వాతిది 002, టీవీ ప్యారిటీ అలారం. ఈ టీవీకీ మన ఇంట్లో టీవీకీ సంబంధం లేదు. ఇక్కడ 'టీ' అంటే టేప్. కాగితపు టేప్! ఇప్పుడు మెషిన్ నడిపే ఇరవై ఏళ్ల పిల్లవాడు ఆ టేప్‌ను జన్మలో చూసి ఉండడు. కానీ లిస్టు మొదట్లో దాని కుర్చీ ఇప్పటికీ అలాగే ఉంది.

కథ అమెరికాలో మొదలైంది. మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. రెక్క వంపును చేత్తో మెషిన్ తిప్పుతూ కచ్చితంగా తీయడం కష్టం. ఆ వంపు మీది పాయింట్లన్నీ లెక్కగట్టి, అంకెల ప్రకారమే మెషిన్‌ను నడిపిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1949లో అమెరికా వైమానిక దళం డబ్బులిచ్చింది. ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ లాబొరేటరీ రంగంలోకి దిగింది. 1952లో ఒక సిన్సినాటి మిల్లింగ్ మెషిన్‌ను రంధ్రాలు కొట్టిన టేప్‌తో నడిపి చూపించారు. జపాన్‌లో ఫుజిట్సు కంపెనీ 1956లో తన ఎన్‌సీ తయారుచేసింది. ఆ విభాగమే 1972లో విడిపోయి ఇవాళ్టి ఫానక్ అయింది.

టేప్ ఎలా పనిచేసేదో చూడండి. వెడల్పు ఒక అంగుళం. అడ్డంగా ఒక్కో వరుస ఒక్కో అక్షరం. అంగుళం పొడవులో పది అక్షరాలు పడతాయి. అంటే వెయ్యి అక్షరాల ప్రోగ్రామ్‌కు ఎనిమిది అడుగులు దాటిన టేప్ కావాలి. ఐఎస్ఓ పద్ధతిలో 0 అంకెకు రెండు రంధ్రాలు, 8 అంకెకు నాలుగు. ఏ వరుస చూసినా సరిసంఖ్యలోనే రంధ్రాలుండాలి, అదీ నియమం. ఇప్పుడు 8లో ఒక రంధ్రం దుమ్ముతో మూసుకుపోయిందనుకోండి. ఆ నియమం లేకపోతే మెషిన్ దాన్ని 0 అని చదవొచ్చు. టూల్ 80 మిల్లీమీటర్ల దగ్గర ఆగాల్సింది పోయి సున్నా దాకా దూసుకుపోతుంది. చక్‌కు గుద్దుకుంటుంది. ఎదురుగా మనిషి నిలబడి ఉంటాడు! నియమం ఉంది కాబట్టి రీడర్ మూడు రంధ్రాలు లెక్కపెట్టి, బేసి సంఖ్య వచ్చిందని అక్కడే ఆగిపోతుంది. అదే టీహెచ్ అలారం. అంటే ఈ అలారం పుట్టింది మెషిన్ చెడిపోయిందని చెప్పడానికి కాదు, "నాకు అనుమానంగా ఉంది, అందుకే ఆగాను" అని చెప్పడానికి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతా నంబర్లన్నీ దీని పిల్లలే.

ఇప్పుడు మన రోడ్డు మీదికి వద్దాం. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. 1960ల్లో నర్సాపూర్ రోడ్డు మీద చింతల్ దగ్గర హెచ్ఎంటీ వచ్చింది. 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ, మనందరం సీఐటీడీ అని పిలిచేది, మొదలైంది. 1984లో అప్పటి మన జిల్లాలోని ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీకి పునాది పడింది. సైన్యానికి సారథ్ యుద్ధ వాహనాలు అక్కడే తయారవుతాయి. 2016లో జిల్లాలు విడిపోయి ఎద్దుమైలారం సంగారెడ్డిలోకి పోయినా ఫ్యాక్టరీ పేరులో మెదక్ అలాగే నిలిచింది. ఈ పెద్ద సంస్థల చుట్టూ చిన్న షాపులు అల్లుకున్నాయి. మన పిల్లల ఉద్యోగాలు ఎక్కువగా ఆ చిన్న షాపుల్లోనే.

టేప్ పోయాక కంప్యూటర్ నుంచి కేబుల్‌తో ప్రోగ్రామ్ పంపడం వచ్చింది. దాంతో 085, 086, 087 అలారాలు వచ్చాయి. కేబుల్ వదులైనా, రెండు వైపులా స్పీడ్ సెట్టింగ్ కలవకపోయినా ఇవి పలుకుతాయి. తమాషా ఏంటంటే, మాన్యువల్‌లో ఆ పోర్ట్ పేరు రీడర్/పంచర్ ఇంటర్‌ఫేస్ అనే ఉంటుంది. పంచర్ అంటే టేప్‌కు రంధ్రాలు కొట్టే యంత్రం. యంత్రం పోయింది, పేరు మిగిలింది.

తర్వాత ప్రోగ్రామ్ మెషిన్ మెమరీలోనే ఉండడం మొదలైంది. మెమరీ వచ్చాక కరెంటు భయం వచ్చింది. ప్రోగ్రామ్ ఎడిట్ చేస్తుండగా కరెంటు పోతే పాత కంట్రోళ్లలో 101 వచ్చేది. 2012 ప్రాంతంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చిన రోజులు తెలిసినవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. మెషిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా యాక్సిస్ ఎక్కడుందో గుర్తుంచుకోవడానికి బ్యాటరీలు పెట్టారు. అవి నీరసిస్తే 307 ముందుగానే హెచ్చరిస్తుంది. గుర్తు పోతే 300 వస్తుంది. "నా సున్నా ఎక్కడో నాకు తెలియడం లేదు" అని దాని అర్థం.

ఒక చిన్న షాపులో నేను చూసింది చెప్తాను. సోమవారం పొద్దున మెషిన్ ఆన్ చేస్తే అన్ని యాక్సిస్‌లకూ 300. ఎన్‌కోడర్లు పోయాయని ఒకరు, బోర్డు పోయిందని ఇంకొకరు. ఓనర్ అప్పటికే ఖర్చు లెక్కపెడుతున్నాడు. అంతలో ఒక పెద్దాయన వచ్చి ఒకటే అడిగాడు: "బ్యాటరీలు మార్చిండ్రు సరే, మార్చినప్పుడు మెషిన్ ఆన్ల ఉండెనా, బంద్ ఉండెనా?" ఆదివారం బంద్‌లో ఉండగా మార్చారు. బ్యాటరీ తీసిన ఆ కాస్త సమయంలోనే జ్ఞాపకం పోయింది. ఏ పార్టూ పోలేదు. ఆయన మెషిన్ మాన్యువల్ ప్రకారం సున్నాలు మళ్లీ కట్టి, నెమ్మదిగా నడిపి సరిచూశాడు. కంట్రోల్ ఆన్‌లో ఉంచి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి మార్చాలన్నది మాన్యువల్‌లో ఉన్న మాటే. అయితే కరెంటున్న ప్యానెల్ తెరిచే పని కాబట్టి ట్రైనింగ్ లేనివాళ్లు చేయి పెట్టొద్దు.

ఇక 400ల కుటుంబం. ఇక్కడ ఎంఐటీ ల్యాబ్ పేరులోని సర్వో అన్న మాట గుర్తు తెచ్చుకోండి. మోటార్‌కు "ఇంత దూరం పో" అని చెప్పడం, నిజంగా ఎంత పోయిందో కొలవడం, తేడా చూసి సరిదిద్దడం, సర్వో అంటే ఇంతే. ఆ తేడా హద్దు దాటితే, ఆగి ఉన్నప్పుడైతే 410, కదులుతున్నప్పుడైతే 411. 411 వచ్చిందంటే ముందు చేతికందేవే చూడాలి. స్లైడ్‌లో చిప్స్ ఇరుక్కున్నాయా, లూబ్రికేషన్ ఆయిల్ అందుతోందా, టూల్ ఎక్కడైనా తగిలిందా. మోటార్ మీద అనుమానం ఆ తర్వాతే. 401 అంటే సర్వో యాంప్లిఫయర్ సిద్ధంగా లేదని. చాలాసార్లు ఇది వేరే అలారం వెంట తోకలా వస్తుంది. కాబట్టి 401 ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా స్క్రీన్ మీద ఇంకేముందో చూడండి.

ఎక్కువమంది తికమకపడేది ఇంకొకటి. ఫానక్‌లో 1000ల్లో వచ్చే అలారాలు ఫానక్ రాసినవి కావు, మెషిన్ కట్టిన కంపెనీ రాసినవి. ఒక మెషిన్‌లో 1005 అంటే కూలెంట్ తక్కువ కావచ్చు, పక్క మెషిన్‌లో అదే నంబర్ చక్ సరిగ్గా బిగియలేదని కావచ్చు. ఫోన్‌లో నంబర్ వెతికి, ఎవరిదో వేరే మెషిన్ వీడియో చూసి వైర్లు పీకేది ఇక్కడే. సీమెన్స్‌లో కూడా అంతే, 700000 నంబర్లు మెషిన్ కంపెనీవే. కొత్త ఫానక్‌లో నంబర్ ముందు అక్షరాలు కూడా ఉంటాయి. పీఎస్ అంటే మన ప్రోగ్రామ్ తప్పు, ఎస్‌వీ అంటే సర్వో, ఓటీ అంటే హద్దు దాటడం. అంటే మాట్లాడుతున్నది ఎవరో మొదట అక్కడే తెలిసిపోతుంది.

అలారం రాగానే రీసెట్ కొట్టడం మన షాపుల్లో అలవాటు. రీసెట్ కొట్టగానే స్క్రీన్ మీద సాక్ష్యం పోతుంది. ముందు ఫోన్ తీసి ఫొటో తీయండి. అక్షరాలతో సహా నంబర్, మెసేజ్, ఏ యాక్సిస్, ఆ క్షణంలో ఏ లైన్ నడుస్తోంది, అన్నీ అందులో రావాలి. సర్వీస్ ఇంజనీర్‌కు ఫోన్ చేస్తే ఆయన అడిగే మొదటి నాలుగు ప్రశ్నలు అవే. ఒక నోట్‌బుక్‌లో తేదీ, నంబర్, చివరికి దొరికిన కారణం తెలుగులోనే రాసుకోండి. ఏడాది తిరిగేసరికి మీ మెషిన్ చరిత్ర మీ చేతిలో ఉంటుంది. షాపులో ఎవరికీ లేని పుస్తకం అది. ఆపరేటర్ సెట్టర్ అయ్యే దారి, జీతం పెరిగే దారి, ఎక్కువగా అటునుంచే పోతుంది.

చివరగా ఒక మాట గట్టిగా చెప్తాను. డోర్ అలారం విసుగు పుట్టిస్తోందని స్విచ్‌కు వైరు కలిపి మూసేసిన మెషిన్లు నేను చూశాను. ప్రొడక్షన్ కోసం మీతో అలా చేయమన్నా ఒప్పుకోవద్దు. టేప్‌లో ఒక్క రంధ్రం తేడా వస్తే మెషిన్ ఆగాలని 70 ఏళ్ల కింద వాళ్లు అంత కష్టపడ్డారు. మీ చేయి లోపల ఉన్నప్పుడు కూడా అది ఆగాలి కదా.

వచ్చే ఎపిసోడ్‌లో జీ-కోడ్ కథ చెప్పుకుందాం. జీడిమెట్లలో షిఫ్ట్‌కు పోయే మీ దోస్తుకు ఇది పంపించండి. ఉంటాను, నమస్తే.